పెరుమాళ్ళ వంటింటి కిటికీ

తిరుపతి,
9–8–1984.

చి.ల.సౌ. కల్యాణవల్లికి అక్క పంకజవల్లి ఆశీస్సులు. పెరుమాళ్ళ దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. శ్రీహరికోటలో నువ్వూ, మా మరిది సంపత్కుమారూ, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. మొదటి ముక్క ఆచారం కొద్దీ రాశాను, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండో ముక్క మాత్రం నిజమేనని నీ ఫోటో చూస్తేనే తెలిసిపోయింది.

ఆ ఫోటో ఎందుకు పంపావే తల్లీ! సముద్రం ఒడ్డున కొంగు ఎగరేసుకుంటూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. అత్తయ్య దాన్ని ముక్కుకు ఆనించుకొని చూశారు. కళ్ళు మసకబారాయి కదా, మనిషి ఆకారం తప్ప ముఖం ఆనలేదు. "మా కల్యాణి ఒళ్ళు చేసినట్టు ఉండాదే" అన్నారు. "ఒళ్ళు కాదు అత్తయ్యా, గాలికి కొంగు ఉబ్బింది" అన్నాను. అయినా వినలేదు. ఆ ఫోటో ఇప్పుడు ఆమె తలగడ కింద ఉంది. నా ఫోటో ఈ ఇంట్లో ఒక్కటే ఉంది, నా పెళ్ళినాటిది. అది అటక మీద ట్రంకుపెట్టెలో ఉంది.

నీ ఉత్తరం కూడా నేనే చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు, చదివాను. సాయంత్రం నడవాలో కూర్చొని, "ఇంకొక్కసారి చదువు పంకజం, ఆ సముద్రం సంగతి" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను చెప్పిన ఏ మాటనూ ఆమె మూడుసార్లు అడిగి చెప్పించుకోలేదు. నా గొంతుతో నీ మాటలు వింటూ ఆమె ముసిముసిగా నవ్వుతుంటే నాకెలా ఉంటుందో నువ్వే చెప్పు. కడుపు మండింది. నవ్వుకుంటావని తెలుసు, నవ్వుకో.

పైగా నీకు తిప్పితే వెలిగే గ్యాసు పొయ్యి. గిన్నె అడుగున మసి అంటదట, చీరకు పొగ వాసన పట్టదట. పొద్దున్నే రెండు మైళ్ళు నడిచినా ఆయాసం రాదని రాశావు. నడువు, ఎవరొద్దన్నారు? నడిచిన సంగతి పనిగట్టుకొని ఇక్కడికి రాయాలా? ఇక్కడ మీ అత్తగారు బావి దగ్గర నుంచి నడవాలోకి రావడానికి రెండుచోట్ల కూర్చుంటున్నారు. అదీ మా క్షేమం.

నిజంగానే నడిచి కొండ ఎక్కారా అని అడిగావు. పోయిన ఉత్తరంలో, అత్తయ్య జన్మనక్షత్రం నాడు ఎప్పటిలాగే అలిపిరి నుంచి నడిచి వెళ్ళి దర్శనం చేసుకొచ్చాం అని రాశాను. దర్శనం నిజం, నడవడం అబద్ధం. పదకొండో మెట్టు మీద కూర్చుండిపోయారు. పెదాలు నీలంగా అయ్యాయి. మీ బావగారు భుజం పట్టుకొని లేపబోతే వద్దని చేయి ఊపారు. ఊపిరి కుదుటపడ్డాక నావైపు చూసి, "కాళ్ళు బాగానే ఉండాయే పంకజం. గాలే చాల్లేదు. కొండ నిండా ఇంత గాలి ఉండాది, నాకు మాత్రం రాలేదు" అన్నారు. చివరికి బస్సెక్కి పోయాం. ముప్పై ఏళ్ళలో ఆమె బస్సులో కొండకు పోవడం అదే మొదటిసారి. దారి పొడుగునా తల వంచుకొనే కూర్చున్నారు.

నీకు అబద్ధం ఎందుకు రాశానంటే, నిజం రాస్తే నువ్వు మర్నాడే దిగి ఆమెను తీసుకుపోతావని భయం. నువ్వు తీసుకుపోతావు, ఆమె కోలుకుంటుంది, ఆ పుణ్యమంతా నీది అవుతుంది. అదీ నా ఏడుపు.

మిరియాల కషాయం పనిచేసిందా అని అడిగావు. లేదు. శొంఠి, తులసి, పాలలో పసుపు, తమలపాకు రసంలో తేనె, అన్నీ అయ్యాయి. ఆషాఢంలో ఒకరోజు మన ఇంటి పెరుమాళ్ళకు ఆరగింపు వండుతూ వండుతూ గరిటె వదిలేసి గోడకు చేరగిలబడ్డారు. ఇక మీ బావగారు ఊరుకోలేదు. దేవస్థానం ఆఫీసులో సెలవు పెట్టి, రిక్షా పిలిపించి, గంగాధరం గారని ఊపిరితిత్తుల జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. నేనూ వెళ్ళాను.

డాక్టరు పల్లెటూరి మనిషే, మాట మంచిది. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఎక్స్‌రే చూశాడు. చూసి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"అవ్వా, సుట్ట తాగే అలవాటుండాదా?"

అత్తయ్య ముఖం చూడాలి! పుట్టి బుద్ధెరిగాక ఉల్లిపాయ ముట్టని మనిషి. "శివ శివా" అనకూడదు కాబట్టి "గోవిందా" అని రెండు చెవులూ మూసుకున్నారు. మీ బావగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కోపం చేసుకోవద్దు సామీ" అన్నాడు డాక్టరు. "దినానికి రెండు కట్టల బీడీలు కాల్చేవోడి రొమ్ము ఎట్లుంటాదో ఈ యమ్మ రొమ్ము అట్లుండాది. అందుకే అడిగినాను. ఇంట్లో కట్టెల పొయ్యేనా?"

"అవును. పెరుమాళ్ళకు కట్టెల మీదనే వండాల" అన్నారు అత్తయ్య.

"ఎన్నేండ్లుగా?"

"పదమూడో ఏట కాపురానికి వచ్చినాను. ఇప్పుడు అరవై మూడు."

డాక్టరు అగ్గిపుల్ల గీశాడు. జానెడు దూరంలో పట్టుకొని, "నోరు బాగా తెరిసి ఊదవ్వా. పెదాలు ముడవకుండా ఊదాల" అన్నాడు.

"నిప్పును నోటితో ఊదకూడదు నాయనా, దోషం."

"ఆ దోషమంతా నా తలకు రాసెయ్. ఊదు."

అత్తయ్య కళ్ళు మూసుకొని ఊదారు. మంట కొంచెం వంగి మళ్ళీ నిలబడింది. పుల్ల ఆయన వేళ్ళ దాకా కాలింది. ఇంకొకటి గీశాడు. నాలుగు పుల్లలు గీశాడు కల్యాణీ, నాలుగూ ఆరలేదు. అగ్గిపుల్ల ఆర్పలేని ఊపిరితో ఈమె ఇన్నాళ్ళూ ఎలా వంగి కట్టెలు ఎగదోసింది, ఎలా నీళ్ళు తోడింది?

ఆయన ఓపికగా చెప్పాడు. పొగలో కంటికి కనపడని సన్నటి మసి ఉంటుందట. అది ఊపిరితోపాటు లోపలికి పోయి సన్నటి గొట్టాల్లో పేరుకుంటుందట. గొట్టాలు వాచి ఇరుకవుతాయి, కఫం ఊరుతుంది, ఊపిరితిత్తులకు సాగే గుణం పోతుంది. గుండె మీద కూడా భారం పడుతుందట. కళ్ళలో పొర కూడా పొగవల్లే తొందరగా వచ్చి ఉంటుందన్నాడు. "పోయిన ఊపిరి పోయినట్టే. దాన్ని తెచ్చే మందు నా దగ్గర లేదు. ఉండే దాన్ని కాపాడుకోవాలంటే పొగ మానాల. మానకుంటే రెండేండ్లు కూడా నేను మాట ఇయ్యలేను" అన్నాడు. తర్వాత అడిగాడు, "వంటింటికి కిటికీ ఉండాదా?"

నేను గుమ్మం వైపు తల తిప్పుకున్నాను.

మీ బావగారు, "ఒకటి ఉండేది. ఎనిమిదేళ్ళ కింద మూయించినాం" అన్నారు.

"ఎందుకు?"

"దృష్టి పడతావుంటే" అన్నారు అత్తయ్య. "ఆరగింపు కాకముందే ఎవరి కన్నైనా పడితే అది పెరుమాళ్ళకు పనికిరాదు నాయనా."

డాక్టరు గొట్టం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "బయటోళ్ళ కన్ను లోపలికి రాకూడదని మూసినారు. మరి గాలి యాడ నుంచి వస్తాదమ్మా లోపలికి?" అన్నాడు.

తిరిగి వస్తుంటే రిక్షాలో అత్తయ్య నా చెవిలో, "సుట్టన్నా తాగినదాన్ని కాదే పంకజం. ఊరికే పోయిందే ఊపిరి" అన్నారు. అని నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. గాంధీ రోడ్డు దాటేదాకా దగ్గుతూనే ఉన్నారు.

ఇంటికి వచ్చాక, అందరూ పడుకున్నాక, నేను పెరట్లోకి పోయి ఒక అగ్గిపుల్ల గీసి ఊదుకున్నాను. నా వయసు ముప్పై ఎనిమిది. మూడో పుల్లకు గానీ ఆరలేదు. నీకైతే మొదటి పుల్లకే ఆరుతుంది, నాకు తెలుసు. దానికీ నాకు కుళ్ళే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ డొంకతిరుగుడుగా వచ్చింది దీనికే.

నీ ఉత్తరంలో చివరన ఒక మాట రాశావు. "అక్కా, అత్తయ్యను మూడు నెలలు మా దగ్గరికి పంపు. ఇక్కడ పొగ లేదు, గాలి బాగుంటుంది. నాకు ఒకటే భయం. నా కళ్ళు మంచివి కావు కదా. ఆమె పెరుమాళ్ళకు చేసుకునే వేళకు నేను పక్కింటికి పోయి కూర్చుంటాను. ఆరగింపు అయ్యాకే వస్తాను" అని. అత్తయ్యకు మూడుసార్లు చదివానన్నాను చూడు, మూడుసార్లూ ఆ మాట చదవలేదు. మింగేశాను. నువ్వు ఆమె గురించి ప్రేమగా రాసిన మాటలు ఇంతకుముందు కూడా చాలాసార్లు మింగాను. ఆమె చేతి పులిహోర తినాలని ఉందని నీ రెండో కాన్పప్పుడు రాశావే, అదీ చదవలేదు. ఆమెకు తెలిసి ఉంటే చేసి పంపేది.

నాకు తొమ్మిదో ఏట అమ్మ పోయింది. పదహారో ఏట ఈ ఇంటికి వచ్చాను. వచ్చిన మొదటి శుక్రవారం అత్తయ్య నన్ను పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టారు. అమ్మ పోయాక నా తల ముట్టిన మొదటి చేయి అది. ఆ రోజు నుంచి ఆమె నాదే అనుకున్నాను. ఆచార్యుల దగ్గర భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకొని, మడి కట్టుకొని, పెరుమాళ్ళ వంటింట్లోకి ఆమె వెనకాలే అడుగుపెట్టాను. ఆ పొయ్యి దగ్గర మేమిద్దరమే. మూడో మనిషికి అక్కడ చోటు లేదు. పన్నెండేళ్ళు అలాగే గడిచింది.

అప్పుడు నువ్వు వచ్చావు. నీకు ముద్రలు పడలేదు కాబట్టి లోపలికి రాకూడదు. నాకు అది చాలు, పండగ చేసుకున్నాను. కానీ ఆ కిటికీ ఒకటి ఉంది కదా, బావి వైపుది. నువ్వు అక్కడ రోట్లో రుబ్బుకుంటూ అత్తయ్యతో కబుర్లు పెట్టేదానివి. మొదట్లో ఆమె కిటికీకి పరదా వేసే ఉంచేవారు. తర్వాత మెల్లగా పరదా పక్కకు జరిపారు. మిరియం ఎంత వేయాలో, పాయసంలో బియ్యం ఎంత ఉడకాలో నీకు అక్కడి నుంచే చూపించడం మొదలుపెట్టారు. నువ్వు ఏదో అనేదానివి, ఆమె పకపకా నవ్వేవారు. నేను పక్కనే కూర్చొని పొయ్యి ఎగదోసేదాన్ని. ఆమె ముఖం నీవైపు, వీపు నావైపు. రోజూ పొద్దున రెండు గంటల సేపు ఆ వీపు చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నీకు తెలియదు. నీకెప్పుడూ ఎవరూ వీపు చూపించలేదు.

నువ్వు వచ్చిన రెండో ఏడు ధనుర్మాసంలో ఒకరోజు పాయసం పాలు విరిగాయి. పాలవాడు నిన్నటి పాలు కలిపాడు, అంతకు మించి ఏమీ లేదు. అత్తయ్య మాత్రం, "ఎవరి కన్ను పడిందో ఏమో" అని ఊరికే అన్నారు. ఆ మాట నాకు పట్టుకుంది. మర్నాడు నువ్వు కిటికీ దగ్గర నిలబడి గిన్నెలోకి తొంగి చూసి, "ఎంత బాగా కాగాయి అత్తయ్యా!" అన్నావు. నువ్వు పక్కకు పోగానే, అత్తయ్య తులసి కోసం అటు తిరగ్గానే, నేను కొంగులో దాచుకున్న నిమ్మబద్ద పిండాను. పాలు విరిగాయి. ఆ మర్నాడూ అలాగే పిండాను.

నీ కళ్ళు కాదు కల్యాణీ. నా నిమ్మకాయ.

అత్తయ్య నిన్ను ఒక్క మాట అనలేదు. "చిన్నపిల్ల, దాని తప్పేముండాది. కిటికీయే లేకుంటే సరిపాయె" అని మేస్త్రీ ఏకాంబరాన్ని పిలిపించారు. వాడు ఇటుకలు పేరుస్తుంటే నువ్వు బావి గట్టు మీద కూర్చొని ఏడ్చావు. నా దగ్గరికి వచ్చి, "నా కళ్ళు మంచివి కావేమో అక్కా" అన్నావు. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. "ఏమో తల్లీ" అన్నాను. ఆ రోజు భోజనం తర్వాత ఎన్నడూ లేనంత తృప్తిగా తాంబూలం వేసుకున్నాను. ఆ తర్వాత నువ్వు మేం వండిన గిన్నెల వైపు తల ఎత్తడం మానేశావు. వడ్డించేదాకా నేల చూపులే. మరుసటి ఏడు సంపత్కుమారుకు శ్రీహరికోటలో ఉద్యోగం వచ్చి మీరు వెళ్ళిపోయారు. పోయేటప్పుడు కూడా వంటింటి గడప దగ్గరికి రాలేదు, నడవాలోంచే దండం పెట్టావు.

నేను కోరుకున్నది నాకు దక్కింది. అత్తయ్య ముఖం మళ్ళీ నావైపు తిరిగింది. కానీ ఆ గదిలో నిండిన పొగలో నాకది కనిపించలేదు. వానాకాలంలో సత్యవేడు నుంచి బండి మీద వచ్చే సవక కట్టెలు తడితడిగా ఉండేవి. ఎంత విసిరినా రాజుకోవు, పొగ చిమ్ముతాయి. తలుపు మూసుకోవాలి, కిటికీ లేదు, పొగ ఎటు పోతుంది? మా ఇద్దరి రొమ్ముల్లోకే పోయింది. ఆమె వయసులో పెద్దది, ముందు నుంచీ పొగ తిన్నది, ఆమె ముందు పడిపోయింది. యాభై ఏళ్ళ పొగలో నా వాటా ఎనిమిదేళ్ళేలే అని సర్దిచెప్పుకోబోయాను. అదివరకు ఆ కిటికీ ఉండబట్టే ఆమె యాభై అయిదేళ్ళ వయసులో కూడా ఎక్కడా కూర్చోకుండా కొండ ఎక్కింది కదా. సర్దుబాటు కుదరలేదు.

నువ్వు పోయాకైనా తెరిపించి ఉండొచ్చు. తెరిపిద్దామంటే ఎందుకు మూయించామన్న మాట వస్తుంది. అత్తయ్యకు కూడా నమ్మకం కుదిరింది, "సూడు, గోడ కట్టినాక ఒక్కనాడన్నా పాలు విరిగినాయా?" అనేవారు. ఎందుకు విరుగుతాయి? విరిచే చేయి ఊరుకుంది కదా.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మర్నాడే నేను ఏకాంబరం ఇంటికి మనిషిని పంపాను. వాడు గడ్డపార భుజాన వేసుకొని వచ్చి, "ఇది నా సేత్తో కట్టిన గోడే కదమ్మా. ఆ పొద్దే సెప్పినాను, వంటిల్లుకు గాలి లేకుంటే ఎట్లా అని. ఎవురు ఇన్నారు?" అని సణుగుతూ పగలగొట్టాడు. ఒక్కో ఇటుక చేతికి తీసుకొని చూశాను. బయటి వైపు ఎర్రగా ఉంది. లోపలి వైపు నల్లగా, గోకినా రానంత నల్లగా ఉంది. ఆ నలుపే అత్తయ్య లోపల కూడా ఉందన్నమాట. వాకిట్లో కూర్చొని భోరున ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను.

మొదటిసారి కిటికీ తెరిచి పొయ్యి ముట్టించేసరికి పక్కింటి జ్ఞానాంబ బిందె పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో పంకజమ్మా, ఇల్లంటుకున్నట్టుండాదే!" అని. రోజూ వచ్చే పొగేనమ్మా, ఇన్నాళ్ళూ బయటికి రాలేదంతే అని చెప్పి పంపాను. అత్తయ్య నడవాలో కూర్చొని అంతా వింటున్నారు. "దృష్టి పడదా పంకజం?" అని అడిగారు. అప్పుడు చెప్పాల్సింది. "డాక్టరు తెరవమన్నాడు కదా అత్తయ్యా" అని తప్పించుకున్నాను.

నీ దగ్గరికి పంపడానికి ఆమెను ఒప్పించేసరికి వారం పట్టింది. ఒప్పించింది ఎవరనుకున్నావు? నేనే! నీ తరఫున నేను వాదించడం చూసి మీ బావగారు పేపరు కిందపెట్టి మరీ చూశారు.

"గ్యాసు మీద వండితే పెరుమాళ్ళకు పనికిరాదు" అన్నారు ఆమె.

"నిప్పు నిప్పే కదా అత్తయ్యా. అగ్నికి మడి ఏమిటి, మైల ఏమిటి?"

"ఆడ రాకెట్లు పొగ వదుల్తాయంట. దానికంటే నా పొయ్యే మేలు."

"అవి ఏడాదికో రెండేళ్ళకో ఒకటి పోతుందట. మన పొయ్యి రోజుకు రెండుసార్లు పొగ వదులుతుంది."

దానికి నవ్వారు. నవ్వి, దగ్గి, నా చేయి పట్టుకొని, "నా మడిబట్ట ఎవరు తడిపి ఆరేస్తారే? తలకు ఎవరు నూనె పెడతారు? నువ్వు కూడా రా" అన్నారు.

"కల్యాణి ఉంది కదా" అన్నాను. ఆ మాట ఈ నోటితోనే అన్నాను. అంటుంటే పళ్ళన్నీ పులిసిపోయాయి.

చిన్న సాలగ్రామాన్ని సంపుటం పెట్టెలో పెట్టుకొని ఆమె వస్తారు. మిగతా పెరుమాళ్ళు ఇక్కడే ఉంటారు, ఆరగింపు నేను చూసుకుంటాను. డాక్టరు చెప్పినవి నీకు చెబుతున్నాను, జాగ్రత్తగా విను. అగరొత్తులు, సాంబ్రాణి ఏవీ ఆమె దగ్గర వెలిగించొద్దు. మాత్రలు పెట్టెలో ఉన్నాయి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆయాసం వచ్చినప్పుడు ముక్కుతో గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలమన్నాడు. ఆమె మరిచిపోతారు, నువ్వు పక్కన కూర్చొని చేసి చూపించు. ఎండ రాకముందు ఒడ్డున నడిపించు, నీ రెండు మైళ్ళు కాదు, పది అడుగులు చాలు. రాత్రిళ్ళు రెండు తలగడలు పెట్టు, పడుకుంటే ఊపిరాడదు. నిద్రలో ఏదో పలవరిస్తారు, భయపడకు. శుక్రవారం తలకు నూనె పెట్టేటప్పుడు కుడి చెవి వెనక గట్టిగా రుద్దకు, అక్కడ పాత కురుపు మచ్చ ఉంది, నొప్పి. ఇవన్నీ నాకు తప్ప ఎవరికీ తెలియవు. ఇప్పుడు నీకు ఇచ్చేస్తున్నాను.

మా సంగతి అడగలేదు గానీ చెబుతాను. మీ బావగారు గ్యాసుకు పేరు రాయించారు, వచ్చినప్పుడు వస్తుంది. అందాకా కిటికీ తెరిచి, ఎండిన కట్టెలే వాడమని డాక్టరు నాకు కూడా చెప్పాడు. నా వీపు మీద కూడా గొట్టం పెట్టి చూశాడులే.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. అత్తయ్య పెట్టెలో మడిచీరల అడుగున, ఉసిరికాయ జాడీ పక్కన పెడుతున్నాను. ఇన్ని కాగితాలు మడుస్తుంటే, "ఏం రాసినావే అంత?" అని అడిగారు. "క్షేమసమాచారాలు" అన్నాను. "మన క్షేమానికి ఇన్ని కాయితాలా?" అన్నారు. నిమ్మకాయ సంగతి ఆమెకు తెలియదు. మీ బావగారికీ తెలియదు. ఆమె ముఖం చూస్తూ చెప్పేందుకు మూడు రోజులు ప్రయత్నించాను, నోరు రాలేదు. అందుకని తన నేరస్థురాలి ఉత్తరాన్ని తానే మోసుకొని వస్తోంది ఆ మహాతల్లి.

ఆమె వచ్చిన రోజే ఇది ఆమెకు చదవొద్దు. నాలుగు రోజులు పోనీ. దగ్గు తగ్గి, అన్నం సహించి, కాస్త తెరిపిన పడ్డాక దగ్గర కూర్చోబెట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. నేను నీ ఉత్తరాలు మింగినట్టు నువ్వు నాది మింగొద్దు. జాలిపడి ఒక్క వాక్యం కూడా వదిలిపెట్టొద్దు. విన్నాక, పంకజం ముఖం చూడనంటే నచ్చజెప్పొద్దు. ఈ ఇంటికి తిరిగి రానంటే నీ దగ్గరే ఉంచుకో. రమ్మంటే మాత్రం ఒక్క కార్డు ముక్క రాయి, దీపావళి వెళ్ళిన మర్నాడే వచ్చి తీసుకొచ్చుకుంటాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఎక్కువ ఉంచనివ్వను, ముందే చెబుతున్నాను.

మీ వంటింటికి సముద్రం వైపు పెద్ద కిటికీ ఉందని రాశావు. పక్కింటికి పోవద్దు. ఆమె పెరుమాళ్ళకు పాయసం కాచేటప్పుడు ఆ కిటికీ తలుపులు బార్లా తెరిచి అక్కడే నిలబడు. గిన్నెలోకి బాగా చూడు. ఆమెతో కబుర్లు చెప్పు, నవ్వించు. పాలు విరగవు. నాకు ఇక్కడ కుళ్ళుగానే ఉంటుంది. అయినా నిలబడు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నువ్వు నోరారా పిలిచినందుకైనా
నీకు అక్కను కాలేకపోయిన
పంకజవల్లి